దేవనందన్ గారు చూపిన దారి

అల్పసంఖ్యాకులైనవారు దేశరాజకీయములందు తమ వర్గరక్షణను మాత్రమే కోరవలయునా, లేక దేశనిర్మాణమున తక్కినవారితో సమానముగ భారము వహింపవలయునా? ఈ ప్రశ్న నేటికిని తీరలేదు. బెంగుళూరున చిరకాలము దీనిని విచారించిన పాల్ డేవిడ్ దేవనందన్ గారి చరిత్రము మన పాఠకులు తెలిసికొనదగినది.

1901లో మద్రాసున జన్మించిన దేవనందన్ గారు హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి పట్టభద్రులైరి. యౌవనముననే వీరికి కె. టి. పాల్ గారి సాహచర్యము లభించెను. పాల్ గారు వై. ఎం. సి. ఏ. జాతీయ ప్రధాన కార్యదర్శిత్వమును వహించిన ప్రథమ భారతీయులు. 1930లో లండను రౌండు టేబిలు సమావేశమునకు క్రైస్తవ ప్రతినిధిగా నేగియు, మతమును బట్టి ప్రత్యేక నియోజకవర్గములు కూడదనిన జాతీయవాదులు. వారితో అమెరికాకు వెళ్లిన దేవనందన్ గారు పిమ్మట యేల్ విశ్వవిద్యాలయమున మాయావాదమును పరిశోధించి డాక్టరు పట్టమును గాంచిరి. పరధర్మమును గూర్చి తీర్పు చెప్పుటకు ముందు దానిని శ్రద్ధతో చదువవలెనను నియమము వీరి కప్పుడే యలవడినట్లు మాకు తోచుచున్నది.

1932 మొదలు 1949 వరకు వీరు బెంగుళూరు యునైటెడ్ థియలాజికల్ కళాశాలలో ఆచార్యులు. 1949లోనే రాజ్యాంగసభ మతమును బట్టి శాసనసభాస్థానములను ప్రత్యేకించు పద్ధతిని త్రోసివైచెను. అల్పసంఖ్యాకుల ఉపసంఘమున కధ్యక్షులైన హరేంద్రకుమార ముఖర్జీ గారు స్వయముగ క్రైస్తవులు. ఇక క్రైస్తవులకు మిగిలిన బలము పొరుగువారి నమ్మకమే. 1956లో మధ్యప్రదేశ నియోగీ సంఘ నివేదిక మిషనరీల మతమార్పిడి కార్యములను తీవ్రముగ విమర్శింపగా, ఆ నమ్మకమునకు పరీక్ష యేర్పడెను.

మరుసటి సంవత్సరము బెంగుళూరున మతమును, సమాజమును అధ్యయనము చేయు క్రైస్తవ సంస్థ నెలకొనెను. దేవనందన్ గారే దానికి ప్రథమ సంచాలకులు. హైందవ పునరుజ్జీవనమును శత్రుబలముగ గాక, నూతన సమాజమును వెదకు ప్రయత్నముగ వీరు గ్రహించిరి. మానవగౌరవము, సాంఘికన్యాయము మొదలగు విషయములందు హిందువులును క్రైస్తవులును కలిసి పనిచేయవలెనని బోధించిరి.

ఇట్టి సంభాషణము సువార్తను బలహీనపరచునని కొందరు క్రైస్తవులును, మతమార్పిడికి ఇది మారువేషమని కొందరు హిందువులును శంకింపవచ్చును. కాని వీరు తమ క్రీస్తుభక్తిని దాచినవారు కారు. 1961లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ క్రైస్తవసంఘముల మహాసభలో సాక్ష్యమును గూర్చియే ప్రసంగించిరి. 1962లో వీరు దివంగతులుకాగా, సహచరులైన ఎం. ఎం. థామస్ గారు ఆ సంస్థను నడిపిరి. వారే 1990లో నాగాలాండు గవర్నరైరి.

స్వధర్మమును దాచకుండుట, పొరుగువాని ధర్మమును వినుట, ఉభయులకును చెందిన దేశమునకై కలిసి శ్రమించుట: ఇదియే దేవనందన్ గారి మార్గము. శాసనరక్షణలను కోరుటకన్న ఇది కష్టతరము. అంతియేగాదు, ఇది అల్పసంఖ్యాకులు మాత్రమే నడచిన చాలునది కాదు. వినువారు లేనిచో సంభాషణము సాగదు. అధికసంఖ్యాకులును తమవంతు కర్తవ్యమును గుర్తింతురుగాక యని మా విన్నపము.