విశాఖ వీధుల్లో పెరిగిన తమిళ బాలుడు

ఇంట్లో ఒక భాష, వీధిలో మరొకటి, బడిలో ఇంకొకటి. దీనివల్ల పిల్లలు సైన్సులో వెనకబడతారేమోనన్న దిగులు తల్లిదండ్రుల నోట తరచూ వింటుంటాం. ఆ మాట వచ్చినప్పుడల్లా మాకు సర్ సి.వి. రామన్ బాల్యం గుర్తుకొస్తుంది.

రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లిలో తమిళ కుటుంబంలో పుట్టారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్‌కు విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపక ఉద్యోగం రావడంతో 1892లో కుటుంబం అక్కడికి తరలింది. ఇంట్లో తమిళం, ఊళ్లో తెలుగు, చదువు ఇంగ్లిషులో. అయినా 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. తండ్రి దగ్గరున్న గణితం, భౌతికశాస్త్రం పుస్తకాలు ఆయనకు చిన్ననాడే అందాయి.

మద్రాసులో ఎం.ఏ. ముగించి 1907లో కలకత్తాలో ప్రభుత్వ ఆర్థిక శాఖలో చేరారు. ఆఫీసుకు ముందూ తర్వాతా ప్రయోగశాలలోనే గడిపేవారు. 1917లో ఆ ఉద్యోగం వదిలి, తక్కువ జీతానికి కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. 1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలం ఆయన్ను ఆలోచనలో పడేసింది. ఆ వెతుకులాట 1928 ఫిబ్రవరి 28న ఫలించింది. పదార్థం మీద పడి చెదిరిన కాంతిలో అతి కొద్ది భాగం రంగు మారుతుందని, కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి కనుగొన్నారు. లోపలి అణువుల కదలికను ఆ మార్పు పట్టిస్తుంది. 1930లో నోబెల్ వచ్చింది. 1933లో బెంగళూరు చేరి, 1970 నవంబరు 21న అక్కడే కన్నుమూశారు.

ఆయన చూపిన దారి ఆయనతో ఆగలేదు. 1986లో స్విట్జర్లాండ్‌లో బెడ్నార్జ్, ముల్లర్ ఒక రాగి ఆక్సైడు పదార్థంలో, అంతవరకు తెలిసినవాటికన్నా ఎక్కువ ఉష్ణోగ్రతలో, నిరోధం లేకుండా కరెంటు పారడం చూశారు. అదే అతివాహకత. ఇలాంటి పదార్థాల్లో ఎలక్ట్రాన్లు ఒక్కోసారి పొలంలో సాళ్లలా బారులు తీరతాయి. ఈ ఆవేశ క్రమం చాలాచోట్ల అతివాహకతతో పోటీ పడుతుంది. రామన్ కనుగొన్న పద్ధతి ఆ బారుల జాడ తీసే సాధనాల్లో ఒకటి.

ఇప్పుడు శాస్త్రవేత్తలు అతి చిన్న కాంతి మెరుపులనూ వాడుతున్నారు. సెకనును లక్ష కోట్ల భాగాలు చేసి, అందులో ఒక్కదాన్ని మళ్లీ వెయ్యి చేస్తే అది ఫెమ్టోసెకను. కొన్ని పదుల ఫెమ్టోసెకన్ల మెరుపు ఒకటి బారులను చెదరగొడుతుంది. వెనకే వచ్చే రెండో మెరుపు, అవి మళ్లీ ఎలా కుదురుకుంటున్నాయో చూపిస్తుంది. ఈ అతివాహకతకు అసలు కారణం మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదు.

దాన్ని తేల్చేవారు ఈరోజు మన బడిలోనే కూర్చుని ఉండవచ్చు. మూడు భాషల మధ్య పెరగడం రామన్‌కు అడ్డు కాలేదు. చేతికందిన పుస్తకం, అడగనిచ్చిన ఇల్లు ఆయనకు తోడయ్యాయి. సముద్రం ఎందుకు నీలంగా ఉందని మన పిల్లలు తెలుగులో అడిగితే, తెలుగులోనే జవాబు వెతుకుదాం. తెలియకపోతే వాళ్లతో కలిసి వెతుకుదాం.