అందరి డాక్టరమ్మ - అన్నా కుగ్లర్

తుంగభద్ర నీటిని నమ్ముకొని కోస్తా జిల్లాలనుండి ఈ ప్రాంతమునకు తరలివచ్చిన మన కుటుంబములలో గుంటూరు సీమవారును గలరు. ఆ ఇండ్లలోని పెద్దలకు కుగ్లర్ ఆసుపత్రి పేరు తెలియనిది కాదు. అది ఒక స్త్రీ పేరని, ఆమె మన ఆడవారి కొరకు ఆయుస్సంతా ధారపోసినదని పిల్లలు అంతగా ఎరుగరు. అందుచేత ఈ ఉగాది సంచికలో ఆమె చరిత్రను సంగ్రహముగా చెప్పదలచితిమి.

అన్నా సారా కుగ్లర్ 1856వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించిరి. స్త్రీలను వైద్య కళాశాలలలో చేర్చుకొనుటకు ఆ దేశమందును వెనుదీయుచుండిన రోజులవి. అందువలన వారి కొరకే 1850లో ఫిలడెల్ఫియాలో ఒక వైద్య కళాశాల వెలసినది. కుగ్లర్ అచ్చట చదివి 1879లో పట్టము పొందిరి. మన దేశపు ఆనందీబాయి జోషీ 1886లో డాక్టరైనదియు ఆ కళాశాలలోనే. పిదప కుగ్లర్ నారిస్‌టౌన్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో కొంతకాలము పనిచేసిరి.

లూథరన్ మిషను తరఫున ఆమె 1883 నవంబరులో గుంటూరు చేరిరి. పంపినవారు వైద్యము కొరకు పంపలేదు. బాలికల బడులు చూచుటకు, ఘోషా స్త్రీలకు చదువు చెప్పుటకు పంపిరి. కాని వైద్యము నేర్చిన చేయి ఊరకుండునా? జబ్బుపడిన ఆడవారు ఆమె బసకు వచ్చుచుండిరి. రాలేనివారి ఇండ్లకు ఆమెయే వెళ్ళుచుండిరి. 1885 చివరకు మిషనువారు ఆమెను వైద్యురాలిగానే నియమించిరి.

అప్పటి సంగతి నేటివారికి వింతగా తోచును. కానుపు కష్టమై ప్రాణము మీదికి వచ్చినను మగ డాక్టరును లోపలికి రానీయని ఇండ్లు ఎన్నో యుండెను. దొరసాని తాకిన మందు మైలయని పెద్ద కులములవారు జంకుచుండిరి. మాల మాదిగలను పెద్ద కులములవారు తమ గడప తొక్కనిచ్చెడివారు కారు. ఒకరికి ఘోషా అడ్డు, ఒకరికి మడి అడ్డు, మరియొకరికి పుట్టుకే అడ్డు. బాధ మాత్రము అందరికిని ఒక్కటే.

కుగ్లర్ 1893లో మందులశాలను, 1898లో స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రిని తెరచిరి. డాక్టరు మేరీ బేర్, నర్సు కేథరీన్ ఫాస్ అనువారు ఆమెకు కుడిభుజములై పనిచేసిరి. బ్రాహ్మణులు, మహమ్మదీయులు, క్రైస్తవులు, అంటరానివారని ఊరు వెలివేసినవారు, అందరును ఆ వాకిటికే వచ్చిరి. ఆమె క్రైస్తవ మత సేవకు వచ్చినవారే, దానిని దాచలేదు. ఐనను మతము మారినవారికే మందు అని గిరి గీయలేదు.

మరియొక విశేషము చెప్పవలెను. ఏలూరు రాజా భుజంగరావుగారు తమ కుటుంబమునకు జరిగిన వైద్యమునకు కృతజ్ఞులై, రోగుల బంధువులు బస చేయుటకు ఆసుపత్రి చెంత ఒక సత్రము కట్టించిరి. దూరపు ఊళ్ళవారు తమ వంట తాము వండుకొని, తమ మనిషిని కనిపెట్టుకొని యుండుటకు వీలు కలిగెను. ఎవరి అలవాటు వారిది కావచ్చును. చికిత్సలో మాత్రము ఎక్కువ తక్కువలు కూడవు. ఈ రెండింటికిని చోటున్నప్పుడే ఆసుపత్రి అందరిదగును.

నర్సు పనిని తక్కువ పనిగా చూచిన ఆ కాలములో మిషను ఆసుపత్రులలో ఆ పని నేర్చినవారు పెక్కుమంది పేద క్రైస్తవ కుటుంబముల ఆడపిల్లలు. ఊరిబావి నీరు ముట్టనీయని చేతులే రోగి నోటికి మందునీరు అందించినవి. ఇది ఏ ఉపన్యాసము కంటెను పెద్ద మార్పని మా అభిప్రాయము.

1905లో ప్రభుత్వము ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకమిచ్చెను. నడుమ సెలవులకు స్వదేశము వెళ్ళివచ్చుట తప్ప ఆమె జీవితమంతయు గుంటూరులోనే గడచెను. 1930 జూలై 26వ తేదీన అచ్చటనే కన్నుమూసిరి. ఆసుపత్రికి పిమ్మట ఆమె పేరే పెట్టిరి.

అంటరానితనము పేరిట ఎవరినైనను ఆసుపత్రిలో చేర్చుకొనకుండుట నేరమని మన దేశము 1955లో చట్టము చేసినది. గుంటూరు ఆసుపత్రి తలుపు అంతకు 57 ఏండ్లు ముందే తెరచుకొన్నది. ఐనను చట్టము తలుపు తెరపించగలదు గాని, లోపల ఆదరము పుట్టించలేదు.

అది మనుష్యులు చేయవలసిన పని. మనకును సిరుగుప్ప, బళ్ళారి ఆసుపత్రులే దిక్కు. కన్నడము సరిగా రాని మన ముసలమ్మలు ఎచ్చట నొప్పియో చెప్పలేక తడబడునప్పుడు, వారి మాట ఓపికగా వినువారుండవలెనని కోరుకొందుము. అది న్యాయమైన కోరికయే. మన మళ్ళలో నాట్లు వేసిన కూలి తల్లి అదే వరుసలో మనకంటె ముందు నిలిచియున్నప్పుడు, ఆమె వంతు ఆమెకు విడుచుటయు అంతే న్యాయము. మనము కోరిన మర్యాదను మన ప్రక్కవారికి ఇయ్యకపోయిన, ఆ కోరికకు బలముండదు.

షడ్రుచుల పచ్చడిలో ఒక్క రుచి తగ్గినను అది ఉగాది పచ్చడి కాదు. ఒక్కరిని గడప బయట నిలిపిన ఆసుపత్రియు అంతే. పాఠకులందరకును మా ఉగాది శుభాకాంక్షలు.