యానామునుండి బయలుదేరిన కవి

పుదుచ్చేరి నగరమున ఒర్లియంపేటలో కాపురమున్న తెలుగు కుటుంబములకు యానాము పేరు క్రొత్తది కాదు. రెండును ఒకే పాలనక్రింద నున్నవి. అయినను ఈ రెంటి నడుమ 800 కిలోమీటర్లకు పైబడిన దూరమున్నది. కార్యాలయపు కాగితములలో యానాము ఒక చిన్న జిల్లా మాత్రమే. తెలుగు సాహిత్యమునందు దానికి గల చోటు అంత చిన్నది కాదు. తిరుపతి వేంకటకవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు చదువుకొని, తొలి పద్యములల్లి, తొలి పరాభవము పొందినది ఆ యూరనే.

యానాము సముద్రద్వీపము కాదు. గౌతమీ గోదావరి యొడ్డున, కోరంగిపాయ చీలుచోట నున్న సుమారు 30 చదరపు కిలోమీటర్ల నేల. కాని శాస్త్రిగారి బాల్యమున అది నిజముగ నొక ద్వీపమే. చుట్టును నీటికి బదులు ఆంగ్లేయుల గోదావరి జిల్లా యుండెను. 18వ శతాబ్దిలో ఫ్రెంచివారు వర్తకమునకై నెలకొల్పుకొన్న ఈ స్థావరము పలుమార్లు ఆంగ్లేయుల వశమై, నెపోలియను యుద్ధములు ముగిసిన పిదప మరల ఫ్రెంచివారికి దక్కినది. ప్రక్కనున్న కోరంగి రేవు 1839 నాటి పెనుతుపానులో నాశనమైనది. శాస్త్రిగారు బాలుడైయున్న దినములకు యానాము పూర్వపు వర్తకవైభవము చాలవరకు పోయిన ఊరు. అధికారులకు ఉత్తరువులు పుదుచ్చేరినుండి రావలెను. 1880లో ఫ్రెంచి ప్రభుత్వము తన భారతస్థావరములలో పురపాలక వ్యవస్థ నెలకొల్పినపుడు యానామునకును ఒక పురపాలక సంఘమేర్పడెను. ఇన్ని జరిగినను, ఇంటను వీథిలోను వినవచ్చు భాష సరిహద్దునకు ఇటునటు ఒక్కటే. ఆ భాష గోదావరి తెలుగు.

వేంకటశాస్త్రిగారు 1870 ఆగస్టు 8వ తేదీన కడియములో జన్మించిరి. ఆ మరుసటి నెలలోనే పారిసులో చక్రవర్తి పాలన కూలి గణతంత్రము వెలసినది. ఆ శిశువు ముందుముందు ఆ గణతంత్రపు జెండాక్రింద పెరుగునని కడియములో నెవరు తలచియుందురు? తండ్రి కామయ్యగారు, తల్లి చంద్రమ్మగారు. కలిమి గల ఇల్లు కాదు. కాని ఆ యింట వేరొక ఆస్తి యుండెను. ముత్తాత తమ్ముడైన నరసకవి పండితుడు, గ్రంథకర్త. ఆయన కూర్చిన తాళపత్ర గ్రంథములు వంశమున నిలిచి, మనుమల తరమునకు దక్కినవి. పొలము పంచుకొన్న వారసులు మన దేశమున కోకొల్లలు. తాటాకులు విప్పి చదివిన వారసులు అరుదు.

కుటుంబము యానామునకు తరలిన తరువాత శాస్త్రిగారి చదువు అచ్చట సాగినది. తెలుగు, సంస్కృతము, వానితోపాటు ఇంగ్లీషు నభ్యసించిరి. ఫ్రెంచివారి ఊరిలో ఇంగ్లీషు చదువుట నేటివారికి వింతగా దోచవచ్చును. చుట్టునున్న జిల్లా యంతయు ఆంగ్లేయులదైనపుడు ఉద్యోగమునకు దారి చూపు భాష అదియే గదా! కానుకుర్తి భుజంగరావుగారు, అల్లంరాజు సుబ్రహ్మణ్యకవిగారు ఆయనకు గురువులు. పురాణములు, ప్రబంధములు విరివిగా చదువుటచే పద్యము నాలుకపై నిలిచినది. ధార యున్నది, ధారణ యున్నది, వయసుతో వచ్చు ధైర్యము కావలసినదానికన్న ఎక్కువగా నున్నది. వ్యాకరణము మాత్రము పూర్తిగా పట్టుబడలేదు.

పదునెనిమిదేండ్ల ప్రాయమున ఆయన దైవస్తుతిగా ఒక శతకము రచించిరి. అందొక వ్యాకరణదోషమున్నదని పండితులెత్తి చూపిరి. నూరు పద్యములలో ఒక తప్పు దొరలుట పెద్ద నేరము కాదని నేడు మనమనవచ్చును. ఆనాటి పండితలోకమున మాట వేరు. అపశబ్దము పలికినవాడు కవుల పంక్తిలో కూర్చుండ తగడు. చిన్న ఊరిలో ఇట్టి మాట దాగునది కాదు. ఆ యువకుడు సిగ్గుపడెను. సిగ్గుపడినవారు సాధారణముగ రెండు త్రోవలలో నొకటి పట్టుదురు: వ్రాత మానివేయుదురు, లేదా తప్పు పట్టినవారిపై కత్తి గట్టుదురు. శాస్త్రిగారు ఈ రెండును చేయక, కాశికి పోయి వ్యాకరణము నేర్వవలెనని నిశ్చయించుకొనిరి.

కాశికి పోవుటకు డబ్బు కావలెను. అది ఇంట లేదు. ఈ లేమియే తెలుగుదేశమునకు మేలు చేసినది. దూరపు కాశికి బదులు దగ్గరనున్న గురువును వెదకికొనుచు ఆయన యానాము విడిచి, చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి శిష్యవర్గమున చేరిరి. అచ్చట మరియొక శిష్యుడుండెను. భీమవరము ప్రాంతపు యండగండిలో 1872లో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారాయన. తిరుపతిశాస్త్రిగారికి సంస్కృతమున గట్టి పట్టు; వేంకటశాస్త్రిగారికి తెలుగు కావ్యములందు, లోకవ్యవహారమునందు చొరవ. వినాయకచవితి యుత్సవమునకు చందాలు వసూలు చేయు సందర్భమున ఒకరి శక్తి నొకరు గుర్తించుకొనిరి. ఒకరి కొరతను మరియొకరు పూరింపగలరని తెలిసిన పిమ్మట ఆ జంట విడిపోలేదు. వేంకటశాస్త్రిగారు కాశికిని పోయి వచ్చిరి. ఆ ప్రయాణపు ముచ్చటలను చాల ఏండ్లకు పిమ్మట వచనముగ వ్రాసిరి.

వ్యాకరణమునకై ఆయన పడిన పాటు ఎంత అవసరమైనదో అవధానమును కన్నులార చూచినవారికి తెలియును. కాగితముపై వ్రాసిన శతకమును దిద్దుకొనవచ్చును. శతావధానమున దిద్దుబాటు లేదు. నూరుగురు పృచ్ఛకులు వరుసగ కూర్చుందురు. ఒక్కొక్కరు ఒక్కొక విషయమిచ్చి, ఇష్టమైన వృత్తమున పద్యమడుగుదురు. మొదటి ఆవృత్తిలో నూరుగురికిని మొదటి పాదములు మాత్రమే చెప్పవలెను. అట్లు నాలుగావృత్తులు ముగియునప్పటికి నూరు పద్యములు పూర్తియగును. పిమ్మట కలము కాగితము లేక ఆ నూరింటిని వరుసతప్పక అప్పగింపవలెను. సభలో పండితులు తప్పుకై కాచుకొని యుందురు. ఇట్టిచోట వ్యాకరణము పుస్తకములో నుండి లాభము లేదు. నాలుక చివర నుండవలెను. మాడభూషి వేంకటాచార్యులవంటి అవధానులు వీరికి ముందుండిరి. అయినను ఆ విద్యను సంస్థానమునుండి సంస్థానమునకు, పట్టణమునుండి పట్టణమునకు కొనిపోయి జనులందరి నోట పడవేసినవారు ఈ జంటకవులే. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములు వీరిని సన్మానించినవి. తమ్ము గెలిచినవారుండినచో తీసివేయుదుమని సవాలుగా ఇరువురును మీసములు పెంచిరి. యానాములోని వేంకటేశ్వరస్వామిని జనులు మీసాల వెంకన్న యని పిలుచుటయు ఇచ్చట జ్ఞాపకము వచ్చును. రెంటికిని సంబంధము లేకపోవచ్చును గాని, ఆ ఊరివారు ఈ పోలిక చూచి నవ్వుకొనినచో తప్పులేదు.

ఒక దోషము మూలమున ఇల్లు విడిచిన శాస్త్రిగారు ఇతరుల దోషములెన్నుటలో వెనుదీయలేదు. వేంకట రామకృష్ణ కవులతో సాగిన వాదము గీరతముగ పుస్తకరూపము దాల్చినది. ఆ వాదములలో పాండిత్యమున్నది, హాస్యమున్నది. కొన్నిచోట్ల శ్రుతిమించినదనియు ఒప్పుకొనవలెను. ఆనాటి కవులకు కీర్తి జీవనాధారము గూడ నగుటచే, మాటలో వాడి హెచ్చినది కాబోలు.

శాస్త్రిగారు బందరు హిందూ హైస్కూలులో తెలుగు పండితులైరి. పిల్లలకు పాఠముతోపాటు పద్యమును చదువు తీరు నేర్పిరి. విశ్వనాథ సత్యనారాయణగారు, పింగళి లక్ష్మీకాంతముగారు, కాటూరి వేంకటేశ్వరరావుగారు ఆయన శిష్యులు. వేయిపడగలు నవలాకారుడైన ఆ విశ్వనాథవారికే, గురువుగారు పుట్టిన నూరవయేడైన 1970 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము లభించినది. జంటకవుల పాండవ నాటకములు పల్లె పల్లెన ఆడినవి. చదువు రానివారు సైతము పాండవోద్యోగ విజయములలోని రాయబారపు పద్యములు రాగము తీసి పాడుకొనిరి. శతకములోని ఒక మాటకు పండితులయొద్ద తలవంచిన మనుజుని పద్యము, వ్యాకరణమన నేమో యెరుగని రైతు నోట నిలిచినది.

1920లో తిరుపతిశాస్త్రిగారు స్వర్గస్థులైరి. అప్పటికి వేంకటశాస్త్రిగారికి ఏబదియేండ్లు. ఇంక ముప్పది సంవత్సరములు ఆయన ఒంటరిగ వ్రాసిరి. పుస్తకములపై మాత్రము ఇరువురి పేరును విడువలేదు. ఆ కాలమున వెలువడిన కథలు-గాథలు అను వచనసంపుటములలో పండితుని బిగువు కానరాదు. అరుగుమీద కూర్చుండి చెప్పినట్లు మాట సాగును, ఒక సంగతినుండి వేరొక సంగతికి దారి తప్పును, మరల వచ్చును. ఎన్నో గ్రాంథిక నియమములు నేర్చిన చేయి, వృద్ధాప్యమున వాడుకమాటకు తలుపు తెరచినది. పద్యములకన్న ఈ వచనమే ఎక్కువ కాలము చదువబడునని తలచు పాఠకులు నేడు కలరు.

1949లో ఉమ్మడి మద్రాసు ప్రభుత్వము ఆయనను ఆస్థానకవిగ నియమించినది. 1950 ఫిబ్రవరి 15న, మహాశివరాత్రినాడు, ఆయన పరమపదించిరి. అప్పటికింకను యానాముపై ఫ్రెంచిజెండా ఎగురుచునే యున్నది. అది దిగినది 1954లో. వ్యాకరణము వెదకికొనుచు ఒక యువకుడు దాటిపోయిన ఆ సరిహద్దును దానితో తొలగినది.