సర్ ఆర్థర్ కాటన్: నీటిని బాటగా మలచిన యింజనీరు

అచ్యుతాపురము కూడలియందు ప్రొద్దుట కొంచెముసేపు నిలిచి చూచిన యెడల, పెద్దపెద్ద పెట్టెలను మోయుచు విశాఖపట్టణపు రేవు దెసకు సాగు లారీల వరుస కంటబడును. ఆ బాట లేనిచో కర్మాగారమున తయారైన సరకు కర్మాగారముననే పడియుండును. రైతు పండించిన ధాన్యము గాదెయందే పుచ్చిపోవును. పంట యెంత ముఖ్యమో, ఆ పంట ఓడను చేరు త్రోవయు నంత ముఖ్యమే. ఈ యొక్క సంగతిని జీవితాంతము విసుగులేక బోధించిన మహనీయుడు సర్ ఆర్థర్ కాటన్. ఆయన పేరు వినగానే మన విద్యార్థులు ధవళేశ్వరపు ఆనకట్టను తలచెదరు. అది తగినదే. కాని ఆయన బాటలు కట్టినవాడనియు, ఆ బాటల విషయమై జరిగిన వాదమున నోడిపోయినవాడనియు నెఱిగినవారు తక్కువ. ఆ కథనే మేమిచ్చట విశేషముగా చెప్పదలచితిమి.

కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లాండులో జన్మించెను. పదునొకండుగురు సోదరులలో నాతడు పదియవవాడు. ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కోంబు సైనిక పాఠశాలయందు చదివి, 1821లో చెన్నపట్టణమునకు వచ్చి యింజనీరుగా కొలువున చేరెను. ఆయనకు మొదట నప్పగింపబడిన పనులలో నొకటి, రామేశ్వరమునకును పెద్దభూమికిని నడుమనున్న పాంబను జలసంధిని కొలిచి, ఓడలు సాగుటకు వీలగునో కాదో పరిశీలించుట. అనగా ఆయన యుద్యోగము ఓడల బాటతోనే ప్రారంభమయ్యెనన్నమాట.

తరువాత కావేరీ మండలమునకు పంపబడి, కొల్లడముపై 1836లో ఆనకట్టలు కట్టించెను. చోళులనాటి కల్లణై యను ప్రాచీనపు కట్టను ఆయన శ్రద్ధతో పరీక్షించెను. బండ దొరకని యిసుకపై రాళ్లు పేర్చి యేటిని నిలుపు విద్యను ఈ దేశపు పూర్వులయొద్దనే నేర్చితినని దాచక యొప్పుకొనెను. తాను పాలకజాతివాడై యుండియు నేర్చినచోటిని మఱువకుండుట గొప్పగుణము.

ఇప్పుడొక వింత వినుడు. ముందుముందు రైలు మార్గములకు ప్రతిపక్షిగా పేరొందిన యీ కాటనే, హిందూదేశమున తొలి రైలుబాటలలో నొకదానిని వేయించెను. 1837లో చెన్నపట్టణము చెంత రెడ్‌హిల్సునుండి చింతాద్రిపేటవరకు, బాటలకు కావలసిన రాతిని తెచ్చుటకై, ఇనుప పట్టాలు పఱపించెను. కావున ఆయన రైలును తెలియక నిందించినవాడు కాడు. తెలిసి, లెక్కకట్టి, నీటిబాటను కోరినవాడు.

1843వ సంవత్సర ప్రాంతమున ఆయన మన విశాఖపట్టణమునకు వచ్చెను. అప్పుడిచ్చట నేటివలె రేవు లేదు. ఓడలు బయటి సముద్రముననే లంగరువేయుచుండెడివి. అలలు ఒడ్డును కోయుచుండగా, సముద్రములోనికి రాతికట్టలు చొప్పించి యిసుక నిలుచునట్లు చేసెను. పాతనగరమునందలి సెయింట్ జాన్ దేవాలయ నిర్మాణమును ఆయన పనియే. మన తీరమునకు ఇసుక చిరకాలశత్రువు. దాదాపు తొంబదియేండ్ల తరువాత, 1933లో తెఱవబడిన విశాఖ రేవును కట్టిన యింజనీర్లు సయితము, ఇసుక ముఖద్వారమును పూడ్చకుండుటకై రెండు పాత ఓడలను యారాడకొండ దాపున ముంచి కట్టగా నిలిపిరి.

విశాఖనుండి కాటన్ దృష్టి గోదావరివైపు మరలెను. ఆ మండలపు స్థితి అప్పుడు హృదయవిదారకముగా నుండెను. 1832-33లో నందన కఱవు వచ్చెను. 1839లో ఉప్పెన కోరంగి రేవును ముంచి వేలకొలది ప్రాణములను బలిగొనెను. 1821లో 7,38,308గా నున్న జనసంఖ్య 1841 నాటికి 5,61,041కి దిగజారెను. ఇంతటి మహానది ప్రక్కనుండగా జనులు దాహమునకును ఆకలికిని చచ్చుట ఆయనకు భరింపరానిదయ్యెను. 1844లో ఆనకట్ట కట్టవలెనని దొరతనమువారికి విన్నవించి, 1847లో పని ప్రారంభించెను.

ఏఱు లంకలచేత చీలిన చోట ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట లేచెను. ధవళేశ్వరపు కొండనుండి రాతిని ఏటియొద్దకు చేర్చుటకు ఇచ్చటను పట్టాలపై బండ్లు నడచెను. వేలమంది కూలీలు పాటుపడిరి. వారిని కూడదీసి, పని నేర్పి, జీతములు సరిగా ముట్టజూచిన వీణెం వీరన్నగారిని మన మెన్నడును మఱువరాదు. ఆయనకు పిమ్మట రాయబహద్దూరు బిరుదము లభించెను. ఎండదెబ్బచే కాటన్ ఆరోగ్యము చెడి సెలవుపై పోవలసివచ్చినపుడు ఓర్ అను యింజనీరు పనిని సాగించెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను.

కాని కాటన్ మనస్సులో ఆనకట్ట సగము పనియే. అచ్చటినుండి బయలుదేరు కాలువ పొలమును తడుపవలెను. ఆ పొలమున పండిన ధాన్యమును అదే కాలువ రేవునకు మోయవలెను. అందుచేత ముఖ్యమైన కాలువలను పడవలు నడచునట్లు లోతుగా త్రవ్వించి, మట్టము మాఱిన చోటులలో లాకులు కట్టించెను. లాకనగా ముందొక తలుపు, వెనుకనొక తలుపు గల రాతితొట్టి. పల్లమునుండి వచ్చు పడవ లోన ప్రవేశింపగానే వెనుక తలుపు మూయుదురు. పై కాలువ నీటిని మెల్లగా లోనికి వదలుదురు. నీటితోపాటు పడవయు లేచును. మట్టములు సమానము కాగానే ముందు తలుపు తెఱతురు. దిగునపుడు ఇదే పని వ్యతిరేకముగా జరుగును. బొగ్గు లేదు, ఆవిరి లేదు. నీటి బరువే యంతపనియు చేయును. గాలి యనుకూలమైన తెరచాప, కానిచో గట్టుపై నడచుచు తాడుతో లాగు మనుష్యులు, ఇంతియే ఖర్చు. పదులకొలది యెడ్లబండ్లు మోయు ధాన్యము ఒక్క పడవలో కాకినాడకు చేరెడిది. అచ్చట చిన్న నావలపై కెక్కించి దూరమున లంగరువేసిన ఓడలకు అందించెడివారు. ఉప్పు మొదలగునవి తిరుగుపడవలలో పల్లెలకు వచ్చుచుండెను.

కోనసీమయందు గన్నవరమువద్ద వైనతేయపాయ అడ్డుపడగా, హేగ్ అను యువ యింజనీరు పర్యవేక్షణమున 49 కమానులతో నొక వంతెన కట్టబడెను. ఆ వంతెనమీద కాలువయే సాగెను. క్రింద ఏఱు, పైన కాలువ! తరువాత కృష్ణా కాలువలతోను, బకింగుహాము కాలువతోను కలిసి, కాకినాడలో నెక్కిన పడవ చెన్నపట్టణమునకు లోతట్టు నీటిమీదనే పోగల మార్గ మేర్పడెను.

ఇంతవరకు జయము. ఇక ఓటమి. 1861లో సర్ బిరుదము నందిన కాటన్, దేశమంతట నదులను కలిపి నీటిబాటలు వేయవలెననియు, రైళ్లపై పోయు ధనమును కాలువలపై వెచ్చింపవలెననియు వాదించెను. కాని గోదావరి యెగువభాగమున దుమ్ముగూడెము మొదలగు చోటుల రాతిబండలను దాటించుటకై పూనిన నౌకామార్గము 1871లో విడిచిపెట్టబడెను. కర్నూలు-కడప కాలువను కట్టిన కంపెనీకి రాబడి చాలక, 1882లో దొరతనమువారు దానిని కొనవలసివచ్చెను. 1878లో పార్లమెంటు సంఘమువారు వృద్ధుడైన కాటనును కూర్చుండబెట్టి, ఆయన లెక్కలను ఒకటొకటిగా ప్రశ్నించిరి.

ఆయన లెక్కలలో తప్పు లేకపోలేదు. పొలమునకు పాఱు నీరు కావలెను. పడవకు నిలుకడ నీరు కావలెను. ఒకే కాలువ రెంటికిని పూర్తిగా లోబడుట కష్టము. వేసవిలో మరమ్మతులకై కాలువ కట్టివేసినపుడు పడవలు నిలిచిపోవును, రైలు నిలువదు. మిట్టలమీదికి నీరెక్కదు, రైలెక్కును. అయినను 1876-78 సంవత్సరముల ఘోరమైన కఱవునందు ఆయన చెప్పిన యొక మాట నిజమని తేలెను. రైలు ఉన్న ధాన్యమును మోయగలదు కాని లేని ధాన్యమును పండింపలేదు. ఆ కఱవులో లక్షలకొలది జనులు నశింపగా, గోదావరి కాలువల క్రింది పొలములు పంటనిచ్చి ఇతరులకును అన్నము పంపెను.

కాటన్ తన ముసలితనమున డార్కింగు పట్టణములో నివసించుచు, నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించు ప్రయోగములు చేయుచు, 1899 జూలై 24వ తేదీన కన్నుమూసెను. మరుసటి సంవత్సరమే రాజమహేంద్రవరమున గోదావరిపై రైలు వంతెన తెఱవబడెను. ఆయన ప్రతిపక్షము ఆయన నదినే దాటిపోయెను.

ఒకనాడు తరగతిలో నీ కథ చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, ఓడిపోయినవానికి ఊరూర విగ్రహము లేల యని యడిగెను. మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఆలోచింపగా మాకు తోచినదిది: కాటన్ వాదము గెలుచుటకై పని చేయలేదు, ఆకలి తీఱుటకై పని చేసెను. వాదమున ఓడినను ఆకలి తీఱెను. గోదావరిలో స్నానమాడునపుడు ఆయన పేరు తలచు పెద్దలున్నారని చెప్పుదురు. అది బిరుదములవలన వచ్చునది కాదు.

పాత ఆనకట్టకు బదులు 1982 నాటికి పూర్తియైన బరాజు ఆయన పేరనే నిలిచియున్నది. గన్నవరపు పాతవంతెనకు తోడుగా 2000లో వచ్చిన క్రొత్తవంతెనకు అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరిడిరి. కాకినాడనుండి పుదుచ్చేరివరకు గల కాలువలను 2008లో జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. ఆ పాతతలపు ఇంకను చావలేదు.

విద్యార్థులారా, మీలో నెవరైన ధవళేశ్వరము పోయినచో బరాజుపై నిలిచి చూడుడు. ఒక ప్రక్క నీరు పొలములకు సాగుచుండును. మీ పాదముల క్రింద బరాజుమీది బాటపై బండ్లు, బస్సులు ఏటిని దాటుచుండును. నీరును బాటయు నొక్కచోట కలియవలెనని ఆయన కోరెను. ఆయన తలచిన విధమున కాకపోయినను, అచ్చట నవి కలిసియే యున్నవి.