కాకినాడ వైద్య కళాశాలకు దేహమిచ్చిన జన్యుశాస్త్రవేత్త హాల్డేన్

ఆక్స్‌ఫర్డ్‌లో 1892లో జన్మించిన జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో భారతదేశానికి తరలివచ్చారు. తలసేమియా జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ సంక్రమిస్తే ప్రాణాంతకం; ఒక్కరి నుంచే వస్తే మలేరియాను అడ్డుకుంటుందని, అందుకే అది తరతరాలుగా నిలిచిందని ఆయన 1949లో ఊహించారు. జంషెడ్‌పూర్ పరిసరాల్లోనూ, మన మన్యంలోనూ ఆదివాసులను నేటికీ వేధిస్తున్న సికిల్ సెల్ వ్యాధి విషయంలో ఆ ఊహే రుజువైంది. అయితే జన్యువుల లెక్క కూడికంత సులువు కాదు. సికిల్ సెల్, ఆల్ఫా తలసేమియా జన్యువులు విడివిడిగా మలేరియా నుంచి రక్షిస్తాయి. ఒకే దేహంలో కలిస్తే ఆ రక్షణ దాదాపు పోతుందని 2005లో కెన్యా పరిశోధన తేల్చింది. అది చూడటానికి హాల్డేన్ లేరు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు పార్థివదేహం విద్యార్థుల అధ్యయనం కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది.