నాయకుడు లేని జట్టులో ఏం జరుగుతుంది? మథురలో పుట్టిన విల్‌ఫ్రెడ్ బియాన్ కథ

ఢిల్లీలో రింగ్ రోడ్డు, గురుగ్రామ్ వైపు వెళ్లే జాతీయ రహదారి కలిసే చోటు ధౌలా కువాన్. తెల్ల బావి అని ఆ పేరుకు అర్థం. తెలుగువాళ్లకు ఈ ప్రాంతం కొత్తేమీ కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో పెట్టిన శ్రీ వేంకటేశ్వర కళాశాల ఇక్కడే ఉంది. దగ్గర్లోని మెట్రో స్టేషన్‌కు దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. కంటోన్మెంట్ వైపు ఆర్మీ హాస్పిటల్ రీసెర్చ్ అండ్ రెఫరల్, ఇంకాస్త లోపలికి వెళితే బేస్ హాస్పిటల్. సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్ఎస్‌బీ) సిఫారసు చేసిన అభ్యర్థుల్లో చాలామంది వైద్య పరీక్షల కోసం ఫైళ్లు చేతబట్టుకుని వచ్చేది ఈ చుట్టుపక్కలకే. వాళ్లలో కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివినవాళ్లు, విశాఖ, హైదరాబాద్ కోచింగ్ సెంటర్లలో తయారైనవాళ్లు కూడా ఉంటారు.

ఇక్కడికి చేరేలోపు వాళ్లు ఐదు రోజుల వడపోత దాటి ఉంటారు. అందులో అందరూ గుర్తుపెట్టుకునేది మైదానంలో జరిగే గ్రూప్ టాస్క్. ఛాతీ మీద నంబర్లు తగిలించుకున్న కొద్దిమంది కుర్రాళ్లకు ఒక పలక, ఒక దుంగ, ఒక తాడు ఇస్తారు. నేల తాకకుండా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు బరువు దాటించమంటారు. నాయకుడు ఎవరో మాత్రం చెప్పరు. ఓ అధికారి పక్కన నిలబడి రాసుకుంటూ ఉంటాడు.

ఆ చెప్పకపోవడం వెనక ఒక మనిషి ఉన్నాడు. ఢిల్లీకి దక్షిణంగా సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని మథురలో పుట్టాడు. ఎనిమిదేళ్ల వయసులో ఈ దేశం విడిచి వెళ్లి మళ్లీ అడుగుపెట్టలేదు. ఆయన పేరు విల్‌ఫ్రెడ్ రుప్రెక్ట్ బియాన్. ప్రపంచమంతా మానసిక విశ్లేషకులు ఆయన్ను ఇప్పటికీ చదువుతారు. ఆయన పద్ధతిలో పరీక్ష రాసే మన కుర్రాళ్లలో ఆ పేరు విన్నవాళ్లు మాత్రం అరుదు.

బియాన్ 1897 సెప్టెంబర్ 8న పుట్టారు. తండ్రి బ్రిటిష్ ప్రభుత్వంలో ఇంజినీరు, కాలువల పని చూసేవారు. ఇంట్లో ఒక చెల్లెలు, పెంచిన ఆయా, ఎండ. ఆయన ఆత్మకథలో ఆ రోజుల గురించి రాసిన పేజీలు కొన్నే అయినా బలమైనవి. తండ్రితో వేటకు వెళ్లినప్పుడు ఒక పులి చనిపోయింది. దాని జంట రాత్రుళ్లు గుడారాల చుట్టూ తిరుగుతూ అరిచింది. ఆ అరుపు ముసలితనం దాకా చెవుల్లో ఉండిపోయిందంటే నమ్మవచ్చు. పుస్తకం చివరిదాకా ఆ పిల్లవాడి భయం పోదు మరి. ఎనిమిదేళ్లు నిండాక, అప్పటి వలస కుటుంబాల ఆనవాయితీ ప్రకారం, ఇంగ్లండ్‌లోని బిషప్స్ స్టార్ట్‌ఫర్డ్ కాలేజీ హాస్టల్లో వదిలేశారు. తల్లి టోపీ దూరంగా కదిలిపోతుంటే చూస్తూ నిలబడ్డ పిల్లవాడిగా తనను తాను గుర్తుచేసుకున్నారు.

బడి అయిపోయేసరికి మొదటి ప్రపంచ యుద్ధం. 1916లో సైన్యంలో చేరి, అప్పుడే కొత్తగా వచ్చిన ట్యాంకుల విభాగానికి వెళ్లారు. ఒక్కో ట్యాంకులో ఎనిమిది మంది. ఇంజిన్ వేడి, పొగ, చెవులు పగిలే చప్పుడు మధ్య సైగలతో పని నడవాలి. ఒకడు తడబడితే ఎనిమిది మందీ కాలిపోతారు. జట్టు అంటే ఏమిటో ఆయన తర్వాత ఏ పుస్తకంలోనూ నేర్చుకోవాల్సిన అవసరం రాలేదు. 1917 నవంబర్‌లో కాంబ్రే యుద్ధంలో ట్యాంకు పాడైతే, మనుషులతో సహా బయటికి వచ్చి మెషిన్‌గన్లతో పోరాడారు. ఇరవై ఏళ్లకే డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్ పతకం వచ్చింది.

పతకం గురించి ఆయన ఎప్పుడూ గర్వంగా చెప్పుకోలేదు. ఆయన్ను వెంటాడింది 1918 ఆగస్టు 8, ఆమియాన్ దగ్గర ఒక గుంటలో గడిపిన ఘడియలు. పక్కనున్న కుర్ర సైనికుడి ఛాతీ పేలుడుకు చీలిపోయింది. ఆ అబ్బాయి తన తల్లికి ఉత్తరం రాయమని పదేపదే అడుగుతున్నాడు. బియాన్‌కు జాలి కంటే ముందు వాడు నోరు మూస్తే బాగుండునన్న విసుగు వచ్చింది. ఆ విసుగును ఆయన జీవితాంతం దాచలేదు. ఆ రోజు తాను కూడా చచ్చిపోయినట్టే అని దశాబ్దాల తర్వాత రాసుకున్నారు.

యుద్ధం తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివి, కొన్నాళ్లు పాఠాలు చెప్పి, లండన్ యూనివర్సిటీ కాలేజీలో వైద్యంలో చేరారు. అక్కడ విల్‌ఫ్రెడ్ ట్రాటర్ అనే సర్జన్ దగ్గర పనిచేశారు. మనిషి మందలో ఎలా ప్రవర్తిస్తాడనే విషయం మీద పేరున్న పుస్తకం రాసిన వ్యక్తి ఆయన. ఈ పరిచయం ఊరికే పోలేదు. 1932లో టావిస్టాక్ క్లినిక్‌లో చేరాక బియాన్ దగ్గరికి వచ్చిన రోగుల్లో ఒకరు ఇంకా పేరు రాని ఐరిష్ యువ రచయిత, శామ్యూల్ బెకెట్. దాదాపు రెండేళ్లు ఆ చికిత్స సాగింది. ఇద్దరిలో ఎవరు ఎవరిని ఎక్కువ మార్చారన్నది సాహిత్య విమర్శకులు ఇప్పటికీ తేల్చుకోని లెక్క.

అధికారి ఎవరు?

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి బ్రిటిష్ సైన్యానికి అధికారుల కొరత వచ్చింది. అప్పటిదాకా ఎంపిక అంటే ఒక కర్నల్ చేసే ఇంటర్వ్యూ. ఏ బడిలో చదివావు, నాన్న ఏం చేస్తారు, ఏ ఆట ఆడతావు. అలా తీసుకున్నవాళ్లలో చాలామంది శిక్షణలోనే వెనక్కి వచ్చేస్తున్నారు. మామూలు కుటుంబాల సైనికులు దరఖాస్తు పెట్టడమే మానేశారు. పార్లమెంటులో ప్రశ్నలు లేచాయి. 1942లో మానసిక వైద్యులను, సైకాలజిస్టులను కలుపుకుని వార్ ఆఫీస్ సెలక్షన్ బోర్డులు పెట్టారు. ఎడిన్‌బరోలోని తొలి బోర్డులో బియాన్ సీనియర్ సైకియాట్రిస్టు.

అక్కడ ఆయన చేసిన పని వినడానికి చాలా చిన్నది. ఎనిమిది, తొమ్మిది మంది అభ్యర్థులకు ఒక నిజమైన పని, వంతెన కట్టడం లాంటిది, అప్పగించి నాయకుణ్ని నియమించకుండా వదిలేశారు. చూసేవాళ్లు వంతెనను చూడరు, మనుషుల మధ్య ఏం జరుగుతోందో చూస్తారు. ప్రతి అభ్యర్థీ ఒక ఇరుకులో ఉంటాడు. తాను మెరవాలి, కానీ పక్కవాళ్ల ద్వారా తప్ప మెరిసే దారి లేదు. ఒత్తిడి పెరిగినప్పుడు తన ఎదుగుదల మాత్రమే కనిపించేవాడెవడు, తోటివాడి ఇబ్బంది కూడా కనిపించేవాడెవడు? బియాన్‌కు కావాల్సిన జవాబు అదొక్కటే. గొంతు పెద్దదా, ఆజ్ఞలు ఇవ్వగలడా అన్నది ఆయన ప్రశ్న కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. జర్మన్ సైన్యంలోని సైకాలజిస్టులు అంతకుముందే అధికారుల ఎంపికలో గుంపు చర్చల్లాంటివి వాడారు. కాబట్టి ఆలోచన మొత్తం బియాన్ సొంతమనడం అతిశయోక్తి. కానీ ఆ పరీక్షలో దేన్ని గమనించాలో తేల్చినది ఆయనే. 1946లో రాసిన ఒక వ్యాసంలో ఆ తర్కాన్ని విడమరిచి చెప్పారు.

ఈ పద్ధతి భారత్‌కు వెంటనే వచ్చింది. 1943లో డెహ్రాడూన్‌లో ప్రయోగాత్మకంగా ఒక సెలక్షన్ బోర్డు పెట్టారు. స్వాతంత్య్రం వచ్చాక బ్రిటిష్ గుర్తులు ఎన్నో పోయాయి గానీ ఇది పోలేదు. ఆనాటి విభాగమే పేర్లు మారుతూ ఇవాళ ఢిల్లీ తిమార్‌పూర్‌లోని డిఫెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకలాజికల్ రీసెర్చ్ అయింది.

వచ్చిన చిక్కల్లా ఇప్పటి కోచింగ్‌తోనే. నాయకుడు లేని చోట నాయకుడిలా కనిపించడం ఎలాగో డబ్బు తీసుకుని నేర్పిస్తున్నారు. ముందు నువ్వే మాట్లాడు, దుంగ ముందు నువ్వే పట్టుకో. ఫలితంగా గ్రూప్ డిస్కషన్ అందరూ ఒకేసారి అరిచే తంతుగా మారుతుంది. అభ్యర్థులే దాన్ని చేపల మార్కెట్ అంటారు. తోటివాడి కష్టం కనిపిస్తుందా అని తెలుసుకోవడానికి పెట్టిన పరీక్షలో, తోటివాడిని పక్కకు నెట్టేవాడే తెలివైనవాడన్న పాఠం తయారైంది. అనుభవమున్న అధికారి ఈ నటనను పసిగట్టవచ్చు. కానీ వేలు పోసి నటన నేర్చుకున్న కుర్రాడు ఇంటికి తిరిగి వెళ్లేటప్పుడు తనెందుకు ఫెయిలయ్యాడో అతనికి ఎవరూ చెప్పరు.

ఆరు వారాల ప్రయోగం

1942-43 చలికాలంలో బియాన్‌ను బర్మింగ్‌హామ్ దగ్గర నార్త్‌ఫీల్డ్ సైనిక ఆసుపత్రికి పంపారు. యుద్ధంలో మనసు దెబ్బతిన్న సైనికులు వంద మందికి పైగా ఆయన విభాగంలో ఉన్నారు. క్రమశిక్షణ లేదు. ప్రతి అయిదు నిమిషాలకు ఎవరో ఒకరు ఫిర్యాదుతో గదిలోకి వచ్చేవారు. బియాన్ దీన్ని యుద్ధరంగంలా చూశారు. శత్రువు ఎవరు? ఆ జబ్బే. దాన్ని ఒక్కొక్కరి సొంత కష్టంగా వదిలేయకుండా అందరి ఉమ్మడి శత్రువుగా చూపించాలనుకున్నారు.

నియమాలు కొన్నే. ప్రతి ఒక్కరూ రోజూ గంటసేపు వ్యాయామం చేయాలి. వడ్రంగం, పటాలు చదవడం, చేతిపనులు, ఏదో ఒక బృందంలో ఉండాలి. నచ్చింది లేకపోతే కొత్త బృందం మొదలుపెట్టుకోవచ్చు. చేతకాకపోతే విశ్రాంతి గదికి వెళ్లాలి. మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాలకు అరగంట పరేడ్, విభాగం ఎలా నడుస్తోందో అందరూ కలిసి చూసుకోవడానికి. కొన్నాళ్లకు సైనికులే ఫిర్యాదు తెచ్చారు, నూటికి 80 మంది పని ఎగ్గొడుతున్నారు, వాళ్లను శిక్షించండని. బియాన్ శిక్షించలేదు. ఇది మీ సమస్య, ఏం చేద్దామో మీరే చూడండి అన్నట్టు వాళ్లకే తిప్పికొట్టారు. ఏ ఆఫీసులోనైనా మేనేజరుకు ఇది ఎంత కష్టమో పనిచేసినవాళ్లకు తెలుసు. నెల తిరిగేసరికి విభాగం శుభ్రపడింది, మనుషులు తమ పని తాము చేసుకోవడం మొదలైంది.

కానీ ఆరు వారాలకే ప్రయోగం ఆగిపోయింది. ఆ విభాగపు గందరగోళాన్ని పైఅధికారులు భరించలేకపోయారు. బియాన్ బదిలీ అయ్యారు. తన విభాగంలోని గుంపును అంత బాగా చదివిన మనిషి, తన చుట్టూ ఉన్న ఆసుపత్రి అనే పెద్ద గుంపును లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత అక్కడే ఫౌల్క్స్, మెయిన్, బ్రిడ్జర్ లాంటివాళ్లు ఆసుపత్రి మొత్తాన్ని కలుపుకుని చేసిన రెండో ప్రయత్నం నిలబడింది.

1945లో బియాన్ ఐరోపా యుద్ధరంగంలో ఉండగా, నటి అయిన భార్య బెటీ జార్డిన్ కూతురికి జన్మనిచ్చి కొద్ది రోజుల్లోనే చనిపోయారు. కొన్ని నెలల తర్వాత ఒక సెలవు రోజు ఆయన తోటలో కూర్చుని ఉంటే, పాప దూరం నుంచి పాకుతూ, ఏడుస్తూ తండ్రి వైపు వచ్చింది. ఆయన కదల్లేదు. చివరికి ఆయా ఆగలేక పాపను ఎత్తుకుంది. ఆ సంగతిని తనను తాను వెనకేసుకురాకుండా రాశారు. పసిబిడ్డ భరించలేని భయాన్ని తల్లి తనలోకి తీసుకుని, భరించగలిగే రూపంలో తిరిగి ఇస్తుందని తర్వాత ఆయన చేసిన సిద్ధాంతం చదివేటప్పుడు ఆ తోట గుర్తుకు రాకమానదు.

మీటింగ్‌లో అసలేం జరుగుతుంది

1948 నుంచి టావిస్టాక్‌లో బృందాలు నడిపారు. వచ్చినవాళ్లు పాఠం చెబుతారని ఎదురుచూస్తే ఈయన మౌనంగా కూర్చునేవారు. జనానికి చిరాకు, తర్వాత కోపం. ఆ చిరాకునే ఆయన చదివారు. ఏ బృందమైనా పైకి ఒక పని కోసం కూడుతుంది. లోపల మాత్రం, తెలియకుండానే, ఇంకో ఊహ మీద నడుస్తూ ఉంటుంది. పెద్దాయనే అన్నీ చూసుకుంటాడన్నది ఒక ఊహ. ఎవరితోనో పోరాడాలి లేదా పారిపోవాలన్నది ఇంకొకటి. ఎవరో ఇద్దరు జతకట్టి ఒక రక్షకుణ్ని పుట్టిస్తారన్న ఆశ మూడోది. కొత్త బాస్ వస్తే, కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే అంతా బాగుపడుతుందని ఏళ్ల తరబడి ఎదురుచూసే ఆఫీసులు ఈ మూడో రకం. ఈ వ్యాసాలే 1961లో ఎక్స్‌పీరియన్సెస్ ఇన్ గ్రూప్స్ అనే పుస్తకమయ్యాయి. ఇందులో అంకెలు లేవు, ప్రయోగశాల రుజువులు లేవు. ఈ లోపం చిన్నది కాదు. అయినా దాన్ని చదివాక మీటింగ్‌లో మునుపటిలా కూర్చోలేం.

ఆయన ఆలోచనలు ఫ్యాక్టరీలకు చేరింది సహచరుల ద్వారా. సెలక్షన్ బోర్డుల్లో ఆయనతో పనిచేసిన ఎరిక్ ట్రిస్ట్, బ్రిటన్ బొగ్గు గనుల్లో కొత్త యంత్రాలు పాత జట్లను విడగొట్టి కార్మికులను ఎలా కుంగదీశాయో 1951లో చూపించారు. బియాన్ బృందంలో కూర్చున్న ఎ.కె. రైస్ 1953లో అహ్మదాబాద్ వచ్చారు. సారాభాయ్ కుటుంబపు కాలికో మిల్లులో ఆటోమేటిక్ మగ్గాలు పెట్టినా ఉత్పత్తి పెరగలేదు. ఒకే షెడ్డులో పని 12 రకాల ఉద్యోగాలుగా ముక్కలై, ఎవరు ఎవరికి జవాబుదారీయో తెలియని స్థితి. చిన్న జట్లుగా విడగొట్టి, కొన్నేసి మగ్గాలను ఒక్కో జట్టుకు పూర్తిగా అప్పగిస్తే ఎలా ఉంటుందన్న సూచన రాగానే, కార్మికులే ముందుకొచ్చి జట్లు కట్టుకున్నారు. ఉత్పత్తి పెరిగింది, పాడైన బట్ట తగ్గింది. మన దేశంలో జట్టుపని మీద జరిగిన తొలి పెద్ద అధ్యయనాల్లో ఇదొకటి.

బియాన్ మాత్రం అప్పటికే బృందాల పని వదిలేశారు. మెలనీ క్లైన్ దగ్గర విశ్లేషణ చేయించుకుని, పూర్తిగా మానసిక విశ్లేషణలోకి వెళ్లారు. 1951లో ఫ్రాన్సెస్కాను పెళ్లాడారు, మరో ఇద్దరు పిల్లలు. 1962 నుంచి 1965 వరకు బ్రిటిష్ సైకోఅనలిటికల్ సొసైటీ అధ్యక్షుడు. ఎదుటి మనిషిని చూడాలంటే నిన్నటి జ్ఞాపకాన్ని, రేపటి కోరికను పక్కన పెట్టి కూర్చోవాలని 1967లో ఆయన రాసిన చిన్న వ్యాసం వైద్యుల్లో పెద్ద దుమారమే లేపింది. పదవులు, గౌరవాలు మీద పడి తనను ముంచేస్తాయని భయపడి, 70 ఏళ్ల వయసులో లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయారు.

1979లో ఇంగ్లండ్ తిరిగి వచ్చారు. 1980 జనవరిలో బొంబాయి రావడానికి ఏర్పాట్లు జరిగాయి. ఎనిమిదేళ్ల వయసులో వదిలిన దేశానికి అదే మొదటి ప్రయాణం అయ్యేది. అక్టోబర్ దాటేసరికి లుకేమియా బయటపడింది. 1979 నవంబర్ 8న ఆక్స్‌ఫర్డ్‌లో చనిపోయారు. మథుర రోజులు, ట్యాంకుల రోజులు ఉన్న ఆత్మకథను భార్య 1982లో అచ్చు వేయించారు.