కొర్నీలియా సొరాబ్జీ

కొర్నీలియా సొరాబ్జీ (నవంబరు 15, 1866 - జూలై 6, 1954) న్యాయవాద వృత్తి చేపట్టిన తొలితరం భారతీయ మహిళ. ఈమె నాసిక్‌లో జన్మించింది. 1892లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర పరీక్ష వ్రాసింది. ఆనాడు అక్కడ స్త్రీలకు పట్టాలు ఇచ్చేవారు కానందున, ఆ పట్టా 1922లో గాని ఈమెకు లభించలేదు. లండనులో ఒక సొలిసిటర్ల సంస్థలో పని నేర్చుకొని స్వదేశానికి తిరిగి వచ్చింది.

ఘోషా స్త్రీలు పురుషులైన వకీళ్ళను కలుసుకొనే వీలు లేక తమ ఆస్తి, వారసత్వ హక్కులను కోల్పోయేవారు. సొరాబ్జీ అంతఃపురాలకే వెళ్ళి, వారి గోడు విని, అర్జీలు సిద్ధం చేసేది. కుటుంబ వ్యాజ్యాలలో మెళకువలు ఈమెకు ఆ విధంగానే అలవడినవి. అయినను న్యాయస్థానంలో నిలిచి వాదించుటకు అనుమతి ఉండేది కాదు. 1904లో బెంగాలు కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌లో నియమితురాలై, దాదాపు 20 సంవత్సరాలలో 600 మందికి పైగా స్త్రీలకు, అనాథలకు సహాయపడింది. 1923లో స్త్రీలకు న్యాయవాద వృత్తిని అనుమతించే చట్టం వచ్చిన పిమ్మట కలకత్తాలో వృత్తి సాగించి, 1929లో విరమించింది.